రజితను నేను ఊరికి తోలియ్యలే

లాక్‌డౌన్‌ల బట్ట నేసే సాంచాలు బందున్న రోజులు. పని కోసం వేరే రాష్ట్రమొచ్చి గోడాదరాల ఉంటున్నం. మా రూం మేడ మీద, నల్లేమో కింద. నీళ్ల బిందె తెస్తు నా భార్య రజిత మెట్ల మీద జారి పడ్డది. నెత్తికి బొప్పి కట్టింది, నెత్తురు రాలే. "ఏం గాలే, నువ్వు ఆగం గాకు" అని నవ్వింది. వంట గూడ చేసింది. మాపటికి మాట ముద్దముద్దగ వచ్చింది. నన్ను వాళ్ల తమ్ముని పేరుతోటి పిలిచి, వాంతి చేసుకున్నది. నాకు భయమైంది.

హాస్పిటల్ల ముందుగాల కోవిడ్ టెస్ట్, తర్వాత సీటీ స్కాన్. "సబ్‌డ్యూరల్ హెమటోమా. బ్రెయిన్ మీద బ్లడ్ జమైంది, ఆపరేషన్ చెయ్యాలె" అన్నడు డాక్టర్. ఆపరేషన్ అయింది, మనిషి దక్కింది. బెడ్లు కోవిడోళ్లకు కావాలని జల్ది డిశ్చార్జ్ చేసిన్రు. ఇంటికొచ్చే ముందు డాక్టర్‌ను ఆపి అడిగిన, "మల్ల మునుపటి లెక్క అయితదా సార్?"

"ఫ్రంటల్ లోబ్‌కు, అంటే మెదడు ముందు భాగానికి దెబ్బ తాకింది. నడక వస్తది. కోపం మాత్రం ఆమె చేతుల ఉండదు" అన్నడు హిందీల.

ఆ మాట ఇంటికొచ్చినంకనే అర్థమైంది. మెత్తగ మాట్లాడే మనిషి బూతులు తిట్టేది. ఒకనాడు అన్నం పళ్లెం విసిరితే పక్కింటి తలుపుకు తాకింది. ఇంటి ఓనరు వచ్చి, "పాగల్ అయింది, ఊరికి తోలియ్" అన్నడు. అదే వారం ఊరి నుంచి మా అన్న ఫోన్ చేసిండు.

"గిట్ల ఎంత కాలం సాకుతవ్‌రా? వాళ్లమ్మగారింట్ల దించిరా. నీకింక వయసున్నది."

"అన్నా, దెబ్బ తాకింది రజిత తలకు. మా లగ్గానికి గాదు" అని ఫోన్ పెట్టేసిన.

ఓనరుకు స్కాన్ ఫిలిం వెలుగుకు పట్టి చూపెట్టిన. "పిచ్చి గాదు సేఠ్, దెబ్బ. కాలిరిగినోన్ని ఎల్లగొడ్తవా?" ఆయన మల్ల ఆ మాట ఎత్తలే.

సాంచాలు మొదలైనయ్. డ్యూటీ, వంట, ఆమె స్నానం అన్నీ నేనొక్కన్నే. సెకండ్ వేవ్‌ల ఆమెకు ఫిట్స్ వచ్చినయ్, వచ్చిన నడక మల్ల పోయింది. డాక్టర్ మందులు మార్చి ఫిజియోథెరపీకి రాసిండు. అక్కడ బెంచీ మీద కూసోని కునికితే ఒకామె లేపింది. పేరు మీనాబెన్. బైక్ మీదికెంచి పడ్డ మొగన్ని తోల్కొచ్చేది.

"నువ్వు నిద్రపోతున్నవా భాయ్, ఇంట్ల?" అని హిందీల అడిగింది. నాకు కండ్లల్ల నీళ్లు తిరిగినయ్. అప్పటిదాంక అందరు రజిత ఎట్లున్నదనే అడిగిన్రు.

ఇద్దరం ఒక మాట అనుకున్నం. ఆదివారం పొద్దున ఆమె రజిత కాడ కూసుంటది, నేను పండుకుంట. మాపటికి నేను ఆమె మొగన్ని నడిపిస్త, ఆమె పండుకుంటది. మొదటి వారమే రజిత ఆమెను పచ్చిగ తిట్టింది. నేను సిగ్గుపడితే మీనాబెన్ నవ్వింది. "నాకు తెలుగు రాదు గదా, తిట్టనియ్" అన్నది. ఇప్పుడు మాతోటి ఇంకొన్ని ఇండ్లోళ్లు కలిసిన్రు.

రజిత నడుస్తది. చాయ్ పెడ్తది, స్టౌ కాడ నేనుండాలె. కోపమొస్తే నేను బయట కూసుంట, తగ్గినంక లోపలికి పోత. మునుపటి రజిత రాలే. ఈ రజితతోటే కాపురం చేస్తున్న. ఎవరన్న పాపం అంటే నాకు పడదు.

ఇంట్ల ఇసొంటి మనిషిని చూసుకునేటోళ్లకు ఒక్కటే చెప్త. ఎవరన్న "ఏమన్న సాయం కావాల్నా" అంటే "ఏం వద్దు" అనకుండ్రి. "ఆదివారం పొద్దున వచ్చి కూసో" అని పని చెప్పుండ్రి, టైం చెప్పుండ్రి. రానోళ్లు రారు. వచ్చినోళ్లకు తలుపు తీసి, మీరు పొయ్యి పండుకోండ్రి.