లేని శామ్యూల్ గారు

1981 మార్చి 9, సోమవారం, పగలు పదకొండున్నర. ఇన్నేళ్లుగా నేను మోస్తున్న బరువు ఆ గడియలో, మా ల్యాబ్ వరండాలోని టెలిఫోన్ దగ్గర, ఒక్క మాటతో మొదలైంది. ఆ మాట అబద్ధం. ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. మీకు చెబుతున్నాను. మీరెవరో నాకు తెలియదు. బహుశా అందుకే చెప్పగలుగుతున్నానేమో.

మా ఇంటిలో డిగ్రీ చదివినవారిలో నేనే మొదటివాణ్ణి. మా నాన్నగారు చీరాలలో మగ్గం నేసేవారు. నేను పీహెచ్‌డీ చేసి, అమెరికాలోని నార్త్ కరొలైనాలో, క్యారీ అనే ఊరికి దగ్గరగా, మందుల మీద పరిశోధన చేసే ఒక ల్యాబ్‌లో కెమిస్టుగా చేరాను. అక్కడ మధ్యాహ్న భోజనాల బల్ల దగ్గర ఒక ఆనవాయితీ ఉండేది. ఒకరు ఆనాటి పేపర్లోని క్రాస్‌వర్డ్ ఆధారాలను పైకి చదువుతారు. వరసగా ఒక్కొక్కరు ఒక్కోదానికి జవాబు చెప్పాలి. నా వంతు వచ్చిందంటే చిక్కే. రసాయనాల పేర్లయితే చెప్పేవాణ్ణి. పాతకాలపు బేస్‌బాల్ ఆటగాళ్లను, రేడియో నాటకాల్లోని పాత్రలను, పిండి మధ్య పండ్లు కూరి కాల్చే ‘పై’ అనే వంటకంలో రకాలను ఎక్కడినుంచి తేను?

“ఏమయ్యా డాక్టర్, నీ పీహెచ్‌డీలో ‘పై’ గురించి ఒక్క చాప్టర్ కూడా లేదా?” అని మా సూపర్‌వైజర్ రాల్ఫ్ నవ్వేవాడు. చెడ్డవాడు కాదు. కానీ ఆ నవ్వు విన్నప్పుడల్లా నా చదువంతా ఎవరిదో అడిగి తొడుక్కున్న కోటులా భుజాల మీదినుంచి జారిపోతున్నట్టుండేది. తెలియదు అంటే ఏం పోయేది? ఏమీ పోయేది కాదు. ఆనాడు మాత్రం అంతా పోతుందనిపించింది.

అందుకే ఆ సోమవారం, పొద్దున కొన్న పేపరు పట్టుకుని, రాని ఆధారాలు అడుగుదామని కౌంటీ లైబ్రరీకి ఫోన్ చేశాను. ఏ సమాచారం అడిగినా వెతికి చెప్పేందుకు అక్కడ మనుషులుండేవారు. ఫోన్ ఎత్తినామె మిసెస్ హేల్. దక్షిణాదివాళ్ల సాగదీసే గొంతు.

“క్రాస్‌వర్డ్‌కు మేం జవాబులు చెప్పం, బాబూ. అది ఇక్కడి రూలు.”

“నా కోసం కాదు, మేడమ్. మా చర్చిలో చూపు పోయిన పెద్దాయన ఒకరున్నారు. రోజూ ఆయనకు నేనే చదివి వినిపిస్తాను.”

“ఆయన పేరు?”

“శామ్యూల్ గారు.”

నోటికి అందింది మా తాతగారి పేరు. నేను పుట్టకముందే ప్రభువు దగ్గరికి వెళ్లిపోయిన మనిషి.

 ఆమె, “సరే, శామ్యూల్ కోసం చెబుతాను. నీ కోసం కాదు సుమా,” అని నవ్వింది.

అలా ఏడాదికి పైగా సాగింది. ఆమె జవాబు చెప్పి ఊరుకునేది కాదు. “ఇది కూడా శామ్యూల్‌కు చెప్పు, సంతోషిస్తాడు,” అంటూ ఆ ఆటగాడి కథో, ఆ వంట చేసే తీరో చెప్పేది. ఈ దేశం గురించి నాకు తెలిసినదాంట్లో సగం లేని మనిషి పేరు మీద విన్నదే. రాల్ఫ్ నవ్వడం మానేశాడు. ఎవరైనా వస్తే, “మా అందరికంటే ఇతనే అమెరికన్,” అని పరిచయం చేసేవాడు. నేను సంతోషించాను. ఆ మాట దాచను.

రూలు తప్పుతున్నావని లైబ్రరీలో పైవాళ్లు ఆమెను మందలించారట. చూపులేనివాడికి సాయం చేయవద్దన్న రూలు ఉంటే చూపించమని ఆమె ఎదురు చెప్పిందట. ఈ సంగతి నాకు నవ్వుతూ చెప్పింది. ఆనాడైనా ఆగవలసింది. ఆగలేదు. మర్నాడు మళ్లీ ఫోన్ చేశాను.

ఆ తర్వాతి వసంతంలో ఒకరోజు, శనివారం తనే వచ్చి శామ్యూల్‌కు చదివి వినిపిస్తానంది, అడ్రస్ అడిగింది. ఆయన పోయారని చెప్పాను. ఆలోచించనైనా లేదు. ఫోన్‌లో ఆమె ఏడ్చింది. ఒక అబద్ధాన్ని కాపాడుకోవడానికి మనిషి మరణాన్ని కూడా కల్పించగలడా? నేను కల్పించాను.

ఆ ఆదివారం మధ్యాహ్నం, మా తెలుగువాళ్లు ఆరాధనకు అద్దెకు తీసుకునే హాలు గుమ్మంలో, మూతపెట్టిన గిన్నెతో మిసెస్ హేల్ నిలబడి ఉంది. మా చర్చి ఎక్కడో ఎప్పుడో మాటల్లో నేనే చెప్పాను; ఆమెను గొంతును బట్టి గుర్తుపట్టాను. చావు జరిగిన చోటికి వండి తీసుకెళ్లడం ఆ ప్రాంతపు మర్యాద. నా వెనకే పాస్టరమ్మగారు వచ్చారు.

“ఎవరు పోయారు బాబూ?” అని గిన్నె చూసి తెలుగులో అడిగారు.

“మా ఆఫీసువాళ్లకు తెలిసినాయన, అమ్మగారూ.”

“ఎవరైతేనేం, ఆవిణ్ణి గుమ్మంలో నిలబెట్టి మాట్లాడతావా? కళ్లు చూడు, ఎలా ఉబ్బిపోయాయో!” అంటూ ఆమె చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్లారు.

ఆవిడ తెచ్చిన కోడికూర అందరూ తిన్నారు. నేనూ తిన్నాను. వెళ్లేముందు మిసెస్ హేల్ నాతో, నేను శామ్యూల్‌కు చేసింది ఊరికే పోకూడదని, చూపులేనివాళ్లకు చదివేవాళ్లు లైబ్రరీలో చాలడం లేదని, గురువారం సాయంత్రం రమ్మని చెప్పింది.

వెళ్లాను. దయతో కాదు, భయంతో. అక్కడ మిస్టర్ ఓటిస్ అనే రిటైరైన రైల్వే ఉద్యోగికి నన్ను అప్పగించారు. ఆయన అడిగింది క్రాస్‌వర్డే. మూడో ఆధారం దగ్గరే ఆగిపోయాను. “నాకు తెలియదు,” అన్నాను. “నాకూ తెలీదు. వదిలెయ్ అబ్బాయ్, రేపటి పేపర్లో వాళ్లే చెబుతారు,” అన్నాడాయన. ఇద్దరం నవ్వుకున్నాం. నా జీవితంలో అంత తేలిగ్గా ఊపిరి తీసుకున్న సాయంత్రం మరొకటి గుర్తులేదు.

తర్వాత ప్రతి గురువారం మిసెస్ హేల్ నాకు కనబడేది. చెప్పడానికి ఎన్నో అవకాశాలు ఉన్నాయి. చెప్పలేదు. ఆమె రిటైరై కూతురి దగ్గరికి వెళ్లిపోయింది. పోయిన చలికాలంలో కన్నుమూసిందని తెలిసింది. ఆమెకు మొదటినుంచీ తెలుసేమో అని సర్దిచెప్పుకోబోయాను. ఆ ఓదార్పు కూడా నాకు దక్కవలసింది కాదు. ఆమె కన్నీళ్లు నిజం. క్షమించగలిగిన మనిషి ఇప్పుడు లేదు.

ఈ మధ్య లైబ్రరీవాళ్లు నన్ను సన్మానించారు. చూపులేని స్నేహితుడి మీది ప్రేమతో ఈ సేవ మొదలుపెట్టానని సభలో చదివారు. అందరూ చప్పట్లు కొట్టారు. తల వంచుకుని నిలబడ్డాను. ఇంటికి రాగానే ఇది రాయడం మొదలుపెట్టాను. ఇంతవరకు రాసేసరికి గుండె కొంచెం తేలికైంది. తప్పు తగ్గలేదు.

శామ్యూల్ గారు పోయారని చెప్పిన తర్వాత నాలో మారింది ఇంతే. జవాబుల కోసం లైబ్రరీకి ఫోన్ చేయడం ఆనాడే మానేశాను. భోజనాల బల్ల దగ్గర తెలియనిది తెలియదనే అంటున్నాను; తెలిసినవాళ్లు చెబుతున్నారు. గురువారాలు చదవడం మానలేదు. ఇది రాయడం మొదలుపెట్టాక మాత్రం, ఎలా మొదలుపెట్టారని ఎవరైనా అడిగితే, అబద్ధంతో అని చెబుతున్నాను.