ప్రొఫె గారి పొరల ఫలహారం

శిష్యులంతా ప్రొఫె అని పిలిచే ప్రొఫెసర్ ఎర్మోహెనెస్‌కు ఉన్న జబ్బు ఒక్కటే. ప్రయోగశాలలో ఏ పొర విరిగినా తినేసేవాడు.

పొపయాన్ విశ్వవిద్యాలయంలో ఆయన దగ్గర పరిశోధన చేసే నూబియా పని కూడా ఒక్కటే. కర్రపెండలం పిండిని గ్లిజరిన్‌తో ఉడికించి, పళ్లెంలో పలచగా పోసి ఆరబెట్టి, ప్లాస్టిక్ సంచికి బదులు పనికొచ్చే పొర తీయాలి. పొర వచ్చేది, కానీ మడిస్తే అప్పడంలా విరిగేది. ప్రొఫె జేబులోంచి ఉప్పు పొట్లం తీసి, చల్లుకుని నమిలేవాడు.

"ఉప్పు తక్కువైంది తల్లీ, అంతే" అనేవాడు.

ఒకసారి పైఅధికారులు వచ్చి నమూనాలు అడిగితే, ఫలహారం అయిపోయిందని చెప్పి పంపేశాడు.

పిండి ఒక్కటే అయితే పెళుసు కనుక, సాగే పాలిమర్ కలపమన్నాడు. ఆ రెండూ అత్తాకోడళ్లలా ఒక పళ్లెంలో ఇమడలేదు. పొర మచ్చలు మచ్చలుగా వచ్చి మళ్లీ విరిగింది. నేలలో కరిగేది కడుపులో కరగదా అంటూ ప్రొఫె దాన్నీ తిన్నాడు. నూబియా మాత్రం అలసిపోయింది. ఈ పళ్లెం కూడా విరిగితే చదువు మానేసి, సొంతూరు మొందోమోలో అమ్మ నడిపే పిండి మిల్లుకు పోయి దుంపలు తురుముకుంటానని తేల్చి చెప్పేసింది.

ఆ అలసటలోనే డబ్బా మారింది. ప్రయోగశాల పిండికి బదులు, పాన్‌దెబోనో రొట్టెలకని అమ్మ పంపిన పులిసిన కర్రపెండలం పిండిని పాలిమర్‌తో కలిపి ఉడికించేసింది. పుల్లటి వాసన కొట్టాక గానీ చూసుకోలేదు. పారబోసే ఓపిక లేక అలాగే పోసింది.

మర్నాడు పొర తీసి, మడవకుండానే ఆయన చేతిలో పెట్టింది. ప్రొఫె కొరికి లాగాడు. పొర పళ్ల దగ్గర మొదలై మూర పొడవు సాగింది గానీ తెగలేదు. ఆయన నోరు విడిపించుకోవడానికి నూబియా సాయం పట్టాల్సి వచ్చింది.

"పులుపు ఆ రెంటికీ రాజీ కుదిర్చింది" అన్నాడు ప్రొఫె. "దీనికి ఉప్పక్కర్లేదు."

ఆదివారం ప్రొఫె ఇంటికి భోజనానికి వెళ్తూ నూబియా అదే పిండితో పాన్‌దెబోనో చేసి తీసుకెళ్లింది. ప్రొఫె భార్య దోన్యా లియొనోర్ బుట్ట చూసి నవ్వింది.

"మా ఆయనకు కర్రపెండలమంటే చిన్నప్పటినుంచీ వెగటమ్మా. మా ఇంట్లో ఆ దుంప గడప తొక్కదు."

నూబియా తెల్లబోయి ప్రొఫె వైపు చూసింది. ఆయన సూపు గిన్నెలో ఏదో వెతుకుతున్నాడు.

"విరిగిన పొరలన్నీ చెత్తబుట్టలో కనబడితే నువ్వు వాటినే చూస్తూ కూర్చునేదానివి" అని గొణిగాడు. తర్వాత మర్యాదకు ఒక పాన్‌దెబోనో కంచంలో వేసుకుని, జేబులో ఉప్పు పొట్లం కోసం తడుముకున్నాడు.

నూబియా చెయ్యి చాచి, ఆ రొట్టె తీసుకుని తానే తినేసింది.

"ఉప్పు తక్కువైంది ప్రొఫె, అంతే."