మైనస్ ఇరవై, అందింది

ఎవరు ఏం మాట్లాడినా, ఆ మాట తనకెంత బాగా వినిపించిందో ముందు అంకె వేసి చెప్పి, ఆ తర్వాతే జవాబు చెప్పడం డాక్టర్ ఇట్టూప్ అలవాటు. "నమస్కారం డాక్టరు గారూ" అని పలకరిస్తే, "మైనస్ ఆరు, అందింది. నమస్కారం" అనేవాడు. వంటింట్లో నిప్పంటుకుందని భార్య కుంజమ్మ కేకేసిన రోజున కూడా "ప్లస్ పన్నెండు, అందింది" అన్నాకే బిందె పట్టుకుని లేచాడు.

పంటపొలాలకన్నా నీళ్లు ఎత్తులో ఉండే కేరళ కుట్టనాడులో, కాలవ గట్టున ఆయన హోమియో ఆస్పత్రి. వెనక గదిలో ఒక రేడియో పెట్టె, దానికి తగిలించిన పాత కంప్యూటర్. బయట రెండు కొబ్బరిచెట్లకు కట్టి, కాలవ మీదుగా లాగిన పొడవాటి తీగ. ఇలాంటి సరదా ఉన్నవాళ్లు లోకమంతా ఉన్నారు. గాలిలో ఒకరినొకరు పిలుచుకుంటారు, నీ పిలుపు నాకింత బలంగా అందిందని అంకె చెప్పుకుంటారు, సెలవు తీసుకుంటారు. అంతే. చెవి పెడితే బుస్సుమనే గోల తప్ప ఏమీ వినిపించని చోట, ఆ గోల అడుగున కూరుకుపోయిన పిలుపును వెతికి పట్టి తెర మీద అక్షరాలుగా పెట్టే ప్రోగ్రాం ఒకటి ఆ కంప్యూటర్లో ఉంది. పిలుపు గోలకన్నా కింద ఉంటే మైనస్, పైన ఉంటే ప్లస్. మందు ఎంత పలచనైతే అంత బాగా పనిచేస్తుందని జీవితమంతా నమ్మిన హోమియో డాక్టరుకు, పిలుపు కూడా ఎంత పలచనైతే అంత ముద్దొచ్చేది.

కాలవకు అవతలి గట్టున బాతులు పెంచుకునే రాహేలమ్మకు మాత్రం ఇదంతా శుద్ధ పిచ్చిగా కనిపించేది.

"గంటలకొద్దీ కూచుని 'విన్నాను, విన్నాను' అనుకోవడమేనా? అసలు సంగతేం మాట్లాడుకోరా?" అని ఒకసారి అడిగింది.

"ప్లస్ ఎనిమిది, అందింది. విన్నామన్నదే సంగతి రాహేలమ్మా. ఇంకేం కావాలి?"

"నా బాతులు నయం. తిండి సంగతైనా మాట్లాడుకుంటాయి."

మేత్రాన్ గారు, అంటే వాళ్ల బిషప్పు, చర్చి పండక్కి వచ్చి ప్రసంగం చేసిన రోజున జనమంతా ఆయన చెయ్యి ముద్దుపెట్టుకుంటుంటే, ఇట్టూప్ వంతు వచ్చింది. "ఎలా ఉంది డాక్టరూ ప్రసంగం?" అని మేత్రాన్ గారు మర్యాదకు అడిగారు. "మైనస్ పదకొండు, తిరుమేనీ. కాని అందింది" అన్నాడు ఇట్టూప్. డాక్టరు తన చెయ్యి పట్టి జ్వరం చూసి చెప్పిన అంకె అనుకుని ఆయన, పక్కనున్న ఫాదరు వైపు అనుమానంగా చూసి, ఆ పూట చేపలకూర ముట్టుకోలేదట.

ఇంకోసారి కుంజమ్మ ఉతికిన దుప్పట్లు ఆ తీగ మీద ఆరేసింది. లోపల్నుంచి ఇట్టూప్ పరిగెత్తుకొచ్చాడు.

"కుంజమ్మా, బ్రెజిల్ పోయింది."

"ఎవరు పోయారు?"

"బ్రెజిల్. నీ దుప్పటి కింద ఉంది."

"సాయంత్రానికి ఆరుతుంది. అప్పుడు తీసుకో" అని ఆవిడ లోపలికి వెళ్లిపోయింది.

రాహేలమ్మ గొంతు సంగతి చెప్పాలి. గట్టు మీద నిలబడి ఆవిడ ఒక్క పిలుపు పిలిస్తే, పొలాల అవతలున్న బాతులన్నీ మెడలెత్తి, బారులు తీరి, ఈదుకుంటూ వచ్చేసేవి. పడవలవాళ్లు ఆ పిలుపు విని టీ పెట్టుకునేవారు. ఇట్టూప్ అయితే కిటికీలోంచి చెయ్యెత్తి "ప్లస్ ఇరవై" అని అరిచేవాడు. ఆవిడ కొంగు విదిలించి ముఖం తిప్పుకునేది.

ఆ గొంతే పోయింది. మెడలో గడ్డ లేస్తే ఆపరేషన్ చేసి తీశారు. ప్రాణానికి ఢోకా లేదన్నారు. కట్టు విప్పాక నోరు తెరిస్తే గాలి తప్ప మాట రాలేదు. గొంతు నరం దెబ్బతిందట, నెమ్మదిగా కొంత రావచ్చట, రాకపోవచ్చట, రోజూ మాట్లాడుతూ సాధన చెయ్యమన్నారు.

సాధన చెయ్యాలంటే వినేవాళ్లుండాలి కదా. ఆవిడ ఏదన్నా మొదలుపెడితే "ఏంటీ? ఇంకోసారి చెప్పండి" అనేవారు జనం. ఇంకోసారి చెప్తే "సరే సరే" అని అర్థం కాకుండానే తలూపేవారు. కోడలు సాలీ మంచి పిల్లే, కాని ఓపిక లేదు. అత్త "ఉప్..." అనగానే "ఉప్పు కావాలా? ఉప్మాలో ఎక్కువైందా? ఉప్పుచేప తేవాలా?" అని తనే మాటలన్నీ పూర్తి చేసేసేది. రాహేలమ్మ చెప్పాలనుకున్నది పక్కింటి ఉపదేశి గారి సంగతి. బాతులు కూడా పిలుపు అందక పొలాల్లో చెదిరిపోతుంటే, సాలీ డబ్బా వాయించి వాటిని తోలుకొచ్చేది. ఆ డబ్బా మోత విన్నప్పుడల్లా రాహేలమ్మకు దుఃఖం పొంగుకొచ్చేది. చివరికి మాట్లాడటమే మానేసి, వరండాలో గోడవైపు తిరిగి కూచోవడం మొదలుపెట్టింది.

ఒక పొద్దున ఇట్టూప్ చిన్న పడవ వేసుకుని కాలవ దాటి వచ్చాడు. ఆవిడకెదురుగా పీట వేసుకుని కూచున్నాడు.

"ఏం రాహేలమ్మా, ఎలా ఉన్నారు?"

ఆవిడ పెదాలు కదిలాయి. గాలి వచ్చింది.

"మైనస్ ఇరవై, అందింది" అన్నాడాయన. "మీ పిచ్చి వేషాలు మీ ఇంట్లో వేసుకోండి అన్నారు. సరే. అమ్మకానికి గుడ్లున్నాయా?"

అక్షరం పొల్లుపోకుండా ఆవిడ అన్నది అదే.

మర్నాడూ వచ్చాడు. ఆ తర్వాతా వచ్చాడు. ఆవిడ మాట్లాడినంతసేపు కళ్లార్పకుండా చూస్తూ కూచునేవాడు, తన వంతు వచ్చాకే నోరు తెరిచేవాడు. "మైనస్ పంతొమ్మిది. మీ కోడలు కూరలో కారం తగ్గించిందన్నారు." "మైనస్ పదిహేడు. నన్ను గాడిదన్నారు. ఇవాళ చాలా నయం." ఆ అంకె కోసం రాహేలమ్మ తెల్లారగానే పెరట్లో సాధన మొదలుపెట్టేది. అంకె ఒకటి పెరిగితే ఆ పూట గిన్నెడు అన్నం ఎక్కువ తినేది. పోగా పోగా తనే పడవెక్కి అవతలికి వెళ్లి, ఆ వెనక గదిలో కూచుని, తెర మీద ఒక్కో వరుసా పడటం చూసేది. ఎవరికి జవాబివ్వమంటారని ఇట్టూప్ అడిగితే, ప్రతిసారీ అన్నిటికన్నా బలహీనమైన పిలుపు మీద వేలు పెట్టేది. మంచులో ఎక్కడో ఫిన్లాండులో ఉన్నవాడు, సముద్రం మధ్య దీవిలో ఉన్నవాడు, ఎవడైనా సరే, చిట్టచివరి వాడికే ముందు జవాబు.

"ఈ ప్రోగ్రాం ఖరీదెంత?" అని ఒకరోజు గుసగుసగా అడిగింది.

"మైనస్ పదిహేను, అందింది. ఊరికే ఇచ్చారు."

"ఎవరు?"

"చదువుకున్న పెద్దవాళ్లు ఎవరో, ఎక్కడో కూచుని రాశారు. ఎవరైనా తీసుకోండని వదిలేశారు. ఇంకా బాగుచేస్తూనే ఉన్నారు." ఇట్టూప్ ఆ మాటంటూ తెరకు చేతులు జోడించాడు. రోజూ మీట నొక్కే ముందు ఆయన అలా జోడించడం ఆవిడ చూస్తూనే ఉంది, దేవుడికనుకుంది.

ఊరికే తీసుకోవడం రాహేలమ్మ వంశంలో లేదు. "వాళ్లకి గుడ్లు పంపిస్తాను" అంది. విదేశాలకు గుడ్లు పంపడం కుదరదని నచ్చజెప్పేసరికి ఇట్టూప్‌కు చెమటలు పట్టాయి. "అయితే ఉప్పులో ఊరేసి పంపిస్తాను" అంది.

ఆ వారంలోనే ఒక పొద్దున అప్పాలు, బాతుకూర గిన్నెలో సర్దుకుని వెళ్లింది. ఇట్టూప్ వీపు ఇటు పెట్టి తెర చూస్తున్నాడు. "డాక్టరు గారూ" అంది. పలకలేదు. గొంతు కాస్త మెరుగుపడింది కదా, బలం కూడదీసుకుని పిలిచింది. ఉలకలేదు. కోపమొచ్చి గిన్నె మూత బల్ల మీద ఠంగుమని కొట్టింది. కిటికీ మీదున్న కాకి ఎగిరిపోయింది గాని, మనిషి కదల్లేదు.

"ఎందుకమ్మా ఆయాసం?" అంటూ కుంజమ్మ తడి చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "వెనకనుంచి ఏనుగు ఘీంకరించినా ఆయనకి వినపడదు. ఎదురుగా వెళ్లి మొహం చూపించు."

"చెవుడా?"

"నాలుగైదేళ్లయింది. రోగులు మానేస్తారని బయటకి చెప్పనివ్వడు. పెదాలు చూసి అర్థం చేసుకుంటాడు. అవతలివాళ్లకి అనుమానం రాకుండా, ముందు ఏదో ఒక అంకె పారేస్తాడు. ఆ కాస్త టైములో మాట పోల్చుకుంటాడు."

రాహేలమ్మ స్టూలు మీద కూచుంది. ఊరంతా ఆవిడ చేత ప్రతి మాటా రెండుసార్లు చెప్పించింది. ఒక్క ముక్కా వినపడని ఈ మనిషి, ఇన్నాళ్లలో ఒక్కసారి కూడా మళ్లీ చెప్పమనలేదు.

లేచి వెళ్లి తెరకు అడ్డంగా నిలబడింది.

"మరి నా అంకెలు?" అని అడిగింది.

ఇట్టూప్ ఆవిడను, వెనకున్న భార్యను చూశాడు. సంగతి బయటపడిందని అర్థమైంది. అంకె చెప్పలేదు.

"మీ మొహం చూసి వేసేవాణ్ణి" అన్నాడు బుద్ధిగా. "బాగా కోపంగా ఉన్న రోజు రెండు పెంచేవాణ్ణి. కోపం ఉంటే బలం ఉన్నట్టే కదా."

"మోసం కదా అది?"

"ప్లస్ ఇరవై మాత్రం నిజం. ఈ ఊళ్లో నాకు చెవితో వినిపించిన గొంతు అదొక్కటే. అది పోయాక నాకూ తోచలేదు, రాహేలమ్మా."

ఆవిడ గిన్నె ఆయన ముందు పెట్టి, తినేదాకా అక్కడే నిలబడింది. ఆ తర్వాత పడవ వైపు చెయ్యి చూపించింది. "ఎక్కండి."

"ఎక్కడికి?"

"అలప్పుళ పట్నానికి. చెవి డాక్టరు దగ్గరికి."

"నాకు రోగులు..."

"హోమియో జబ్బులు ఎక్కడికీ పోవు. ఎక్కండి" అంది. ఆ మాటకు కుంజమ్మ నవ్వాపుకోలేక లోపలికి పోయింది.

చెవిలో పెట్టే మిషన్ చిన్న చిక్కుడు గింజంత ఉంది. పెట్టిన రోజంతా ఇట్టూప్ కంగారుపడుతూనే ఉన్నాడు. తిరుగు పడవలో ఇంజను, నీళ్లు, పక్కవాళ్ల మాటలు అన్నీ ఒక్కసారే వచ్చి మీద పడ్డాయి. ఇల్లు చేరగానే కుంజమ్మ ఐదేళ్లుగా దాచుకున్న మాటలన్నీ అందుకునేసరికి, మిషన్ తీసి జేబులో వేసుకుందామా అని చెయ్యి పైకి వెళ్లింది కూడా. రాహేలమ్మ ఆ చెయ్యి పట్టుకుని ఆపింది.

ఆయన ముఖం చూసి నవ్వి, "డాక్టరు గారూ, మీకు రుణపడి ఉన్నాను" అంది. ఎప్పటిలాగే గాలి, అందులో సన్నటి జీర.

ఇట్టూప్ పెదాల వైపు చూడలేదు. కళ్లు మూసుకున్నాడు.

"ఏంటీ? మళ్లీ చెప్పండి" అన్నాడు.

రాహేలమ్మ గాభరా పడింది. "వినపడలేదా?"

"వినపడింది," అన్నాడు. "అందుకే."