రత్నవ్వ ఇల్లు చూపించిన తీరు

ఆర్మూరులో పసుపు ఏరే ఆడవాళ్లలో రత్నవ్వ చేతికి సాటి లేదు. వేల్పూర్‌లో పుట్టి, నడిపయ్యను చేసుకుని ఈ ఊరొచ్చినప్పటి నుంచి ముప్పై ఏళ్లుగా నారాయణదాస్ సేటు గోదాములో మంచి కొమ్ములు ఒకవైపు, పుచ్చులు ఒకవైపు వేరుచేస్తూనే ఉంది. మంచి కుప్పలో ఒక్క పుచ్చు కనబడిందా, ఎవరు ఏరిందైనా సరే, ఆ పూట ఆమెకు అన్నం సయించదు. ఇల్లూ అంతే. మట్టి గోడలు, పాత గూన పెంకలు, వానొస్తే ఐదు చోట్ల కురుస్తుంది. అయినా వాకిట్లో పుల్ల కనబడదు. లేనితనం ఎవరికుండదు, దాన్ని నలుగురి ముందు పరచుకోవడం ఎందుకన్నది ఆమె పంతం.

ఆ పంతమే కొంప ముంచింది.

ఇందిరమ్మ ఇండ్ల సర్వేకు మనుషులు వస్తున్నారని పక్కింటి సువార్త చెప్పగానే రత్నవ్వ కూలి మానేసి గోడలకు ఎర్రమట్టి పూసింది. కురిసిన మరకలున్న మూలకు, పెట్టెలోని మంచి చీర తీసి పరదా కట్టింది. సువార్త ఇంటి నుంచి రెండు కుర్చీలు తెచ్చి వేసింది. ఇంటికొచ్చే మనిషికి మర్యాద చేయొద్దూ మరి! వచ్చినతను చాయ్ తాగి, ఫోనులో ఫొటోలు తీసుకుని, "ఇల్లు మస్తుగుంది అవ్వా" అన్నాడు. ఆమె పొంగిపోయింది. ఆ మాటే కాగితం మీదా ఎక్కిందని జాబితా వచ్చాక తెలిసింది. ఉండటానికి తగిన ఇల్లు ఉంది కాబట్టి ఆమెకు కొత్తది రాదు.

"పై పటారం, లోన లొటారం అంటరు సూడు, గది మన కొంపే," అని నడిపయ్య తల పట్టుకున్నాడు. "గీ ఎనుక గోడ వానకాలం దాటుతదా? నా మోకాళ్లు సూస్తే గిట్లున్నయి. మీద వడితే లేచి ఉరుకుతనా?"

అదీ అసలు భయం. వెనుక గోడ బయటికి ఒరిగి రెండేళ్లయింది. ఉన్నది ఒక్కటే గది, ఆ గోడ పక్కనే అతని మంచం.

రత్నవ్వ వార్డు సభలో లేచి నిలబడి, తన ఇల్లు మళ్లీ చూడమని అడిగింది. ఎండలు మండిపోతున్న రోజుల్లో వార్డు ఆఫీసర్ నందిని వస్తానంది. ముందురోజే సువార్త ఉపాయం చెప్పింది. "గోడల మీద జర బురద సల్లు రత్నక్కా. సినిగిన చీర కట్టుకో. ఆమె రాంగనే రెండు చుక్కలు ఏడువు."

"ఏంది? ఇల్లు అడుగుటానికి ఇంటి ఇజ్జత్ తియ్యాల్నా?" అని కసిరి, రత్నవ్వ చీపురు అందుకుంది. మళ్లీ మట్టి పూసింది, మళ్లీ ముగ్గు వేసింది. చెబితే వినే ఘటం కాదని నడిపయ్య మంచం మీద అటు తిరిగి పడుకున్నాడు.

నందిని వచ్చి కూర్చుని చుట్టూ చూసింది. పైన మబ్బు తునక లేదు, లోపల తడి జాడ లేదు. "మంచిగనే ఉంది గదవ్వా. నేనేమని రాయాలె?" అంది.

"జర గూసో బిడ్డా. కదలకు."

రత్నవ్వ కొంగు బిగించి, నీళ్ల బిందె చంకన పెట్టుకుని నిచ్చెన ఎక్కింది. ఏం జరుగుతోందో లోపలివాళ్లకు తెలిసేలోగా నిండు బిందె పెంకల మీద గుమ్మరించింది. ఐదు చోట్లా ధార కట్టింది, ఒకటి నేరుగా నందిని నెత్తిన. వెనుక గోడకు పూసిన మట్టి పెచ్చులుగా జారిపోయి, చెయ్యి పట్టేంత నెర్రె బయటపడింది.

"ఇంకో బిందె పొయ్యాల్నా బిడ్డా?" పైనుంచి రత్నవ్వ కేక.

"వద్దు, వద్దు! సమజైంది, నువ్వు దిగవ్వా!"

దిగొచ్చి, ఉతికిన తువ్వాల తెచ్చి ముందుగా ఆ పిల్ల తల తుడిచింది. నందిని నవ్వాపుకోలేకపోయింది. నెర్రెలో చెయ్యి పెట్టి చూసి, బయటికొచ్చి ఫోను తీసింది. ఫొటోకు ఇంటి ముందు రత్నవ్వ నిలబడాలి.

"జర దిగులుగ నిలవడవ్వా," అని చనువుగా సలహా ఇచ్చింది.

"నాకు ఇల్లు గావాలె గని, ఏడుపు మొకం ఎందుకు బిడ్డా? ముప్పై ఏండ్ల సంది రెక్కల కష్టం తిన్న. ఎవ్వల ముందట తల వంచలే."

పసుపు పట్టిన చేతులు నడుమున పెట్టుకుని నిటారుగా నిలబడింది.

వానలు పడకముందే మంజూరు కాగితం వచ్చింది. పాత గోడలు కూల్చి, కొత్త ఇంటికి కొలతలు వేసి ముగ్గు పోసిన రోజున నందిని ఆ ఫొటో తెరిచి చూపించింది. నడిపయ్య ఫోను చేతిలోకి తీసుకుని చాలాసేపు ఇవ్వలేదు. తన భార్యను చూసి అతను ఇంత గర్వపడటం అదే మొదలు. ఫొటోలో వెనకాల ఇల్లు కురుస్తోంది, ముందర రత్నవ్వ నవ్వుతోంది.