తలుపు పక్క మంచం

సదుం పక్క నుంచి మదనపల్లెకు జబ్బు చూపించుకోను వచ్చే ఆడవాళ్ళు, ఆ ప్రైవేటు ఆస్పత్రి గేటు కాడ నిలబడి డాక్టరు ఉండాడా అని అడగరు. "రబియమ్మ ఉండాదా?" అంటారు. ఉండాదంటే లోపలికి వస్తారు, లేదంటే ఆమె వచ్చేదాకా అరుగు మీద కూర్చుంటారు. ఇది చూసి డాక్టర్లకు ఒళ్ళు మండేది. మండదా మరి! బోర్డు మీద ఇంతింత అక్షరాలతో రాయించుకున్న డిగ్రీలన్నీ ఏమైపోవాల?

రబియాది పుంగనూరు. తండ్రి దర్జీ. నర్సు చదువు చదివి, కుప్పంలో కొన్నేళ్ళు పనిచేసి, మదనపల్లెకు వచ్చి ఆడవాళ్ళ వార్డుకు పెద్ద నర్సయింది. నోరు మహా దురుసు. కానీ సూది వేసే ముందు నొస్తుందని చెప్పేది. "ఏం కాదు, ఏం కాదు" అంటూనే గుచ్చేసేవాళ్ళంటే ఆమెకు పడదు. కట్టు విప్పుతున్నంతసేపూ ఏం చేస్తాండానో, యాల చేస్తాండానో చెప్తానే ఉండేది. అందులో సగం తిట్లే. అయినా ఒక్కరూ నొచ్చుకునేవాళ్ళు కాదు.

ఆ పల్లెల్లో ఒక పట్టింపు ఉంది. మనిషి పోయిన మంచం మీద ఇంకో రోగిని చచ్చినా పండుకోబెట్టనీరు. మేనేజరు రాజగోపాల్ దీనికొక గొప్ప ఉపాయం కనిపెట్టినాడు. ఎవరన్నా పోతే ఆ మంచాన్ని ఇంకో మూలకు జరిపించి, అడిగినోళ్ళకు కొత్త మంచమని చెప్పేవాడు. ఏం తెలివో ఏమో! ఆయాల నోట సంగతి బయట పడనే పడింది. ఒక మంచాన్ని అనుమానించే జనం ఇప్పుడు అన్ని మంచాలనూ అనుమానించడం మొదలుపెట్టినారు. సగం వైద్యంలో లేచి పోయినవాళ్ళూ ఉన్నారు.

రెండువేల ఒకటి ఎండాకాలంలో రబియా తల్లి హుమాబీ ఆ వార్డులోనే, కిటికీ పక్క మంచం మీద కన్నుమూసింది. మూడోనాటి జియారత్ ముగిసిన మర్నాడే రబియా డ్యూటీకి వచ్చేసింది. అప్పటికే ఆ మంచం కిటికీ కాడి నుంచి తలుపు పక్కకు వచ్చేసి ఉంది. దాని మీద కొత్త దుప్పటి. రబియా మందుల బండి తోసుకుంటూ పోయింది.

ఆ పొద్దే చౌడమ్మను ఆమె కొడుకు లోకేష్ తీసుకొచ్చినాడు. చక్కెర జబ్బు, పాదం మీద పుండు నల్లగా తిరిగింది. ఈరోజే కోసి శుభ్రం చేయకపోతే కాలు దక్కదని డాక్టరు తేల్చేశాడు. వార్డులో ఖాళీగా ఉండేది తలుపు పక్క మంచం ఒక్కటే.

చౌడమ్మ మంచం పట్టె పట్టుకుని నిలబడిపోయింది. "దీని మీద ఎవురన్నా పొయినారా?"

"కొత్త మంచం పెద్దమ్మా" అన్నాడు రాజగోపాల్, రబియా వైపు కన్నుగీటుతూ.

నిజం చెప్తే ఈమె బెంగుళూరు బస్సెక్కుతుంది, దారిలోనే కాలు పోతుంది. అబద్ధం చెప్తే సాయంత్రానికి పక్క మంచం వాళ్ళే చెవిలో ఊదుతారు.

"పొయినారు. మా అమ్మే" అనింది రబియా.

రాజగోపాల్ తల పట్టుకున్నాడు. లోకేష్ గబుక్కున సంచి అందుకున్నాడు. "పామ్మా, బెంగుళూరికి పోదాం."

చౌడమ్మ కదల్లేదు. రబియా మొహంలోకే చూస్తా, "నువ్వు ఈడ పని చేస్తాండావే, అమ్మను పెద్దాస్పత్రికి యాల తీసకపోలేదు?" అని అడిగింది.

"ఈడైతే నేను దగ్గరుండి సూసుకుంటానని. డాక్టర్లూ చేతనైనంత చేసినారు. ఊపిరితిత్తులు అప్పిటికే చెడిపొయినాయి. నొప్పి తెలీకుండా పోయింది, అదొక్కటే మేలు. నీకు అబద్ధం చెప్పి పండుకోబెట్టలేను పెద్దమ్మా. కానీ ఇప్పుడు బస్సెక్కితివంటే నీ కాలు మిగలదు. అదీ నిజమే."

చౌడమ్మ మెల్లగా మంచం మీద కూర్చుంది.

"కన్నతల్లిని పెట్టుకున్న చోట నన్నూ సూస్తావులే. లోకేషూ, సంచి ఆడ పెట్టు."

రెండు వేళ్ళు పోయినాయి గానీ కాలు నిలిచింది. రబియా రోజూ తిడతానే కట్టు మార్చింది, తిడతానే నడిపించింది.

ఇంటికి పోయే రోజు చౌడమ్మ కాళ్ళు కిందికి దించి, లేవకుండా పక్కన చేత్తో తట్టింది. "కూసో."

"పనుండాది పెద్దమ్మా."

"ఉండనీ. వచ్చినప్పుడంతా కాలెట్లుండాది, తిన్న్యావా, నిద్ర పట్టిందా అని నన్ను అడిగితివి. అమ్మ పోయిన బిడ్డవి, నిన్ను ఎవురన్నా అడిగినారామ్మా?"

రబియా ఏదో కసరబోయింది. ఆ మంచం మీదే కూలబడి, చౌడమ్మ భుజాన మొహం పెట్టుకుని, వార్డంతా చూస్తుండగానే బావురుమనింది.