ఐదో గ్లాసు

తిండి దగ్గర మనుషులు అబద్ధాలాడతారని ఉద్యోగంలో చేరిన మొదటి వారంలోనే నాకు గట్టి నమ్మకం కుదిరింది. నా పనే అడగడం మరి. షుగరు మీద, ఊబకాయం మీద మా డాక్టరమ్మ ఒక పరిశోధన చేస్తోంది. అందులో నేను పోషకాహార నిపుణురాలిని. పేరు ఘనంగానే ఉంటుంది గానీ, చేసేదల్లా కంచరపాలెంలో రైలు పట్టాల పక్క వీధుల్లో ఇల్లిల్లూ తిరిగి, నడుం చుట్టూ టేపు పెట్టి కొలిచి, "నిన్న లేచిన దగ్గర్నుంచి ఏం తిన్నారమ్మా?" అని అడగడం. సంచిలో మూడు సైజుల గిన్నెలు ఉంటాయి. అన్నం ఏ గిన్నెడు తిన్నారో చూపించమంటాను. ఎవరినడిగినా చిన్న గిన్నె మీదే వేలు పెడతారు.

"నానేటి తింతానమ్మా, రెండు ముద్దలు" అంటుంది వెల్డింగ్ షాపాయన భార్య. నా టేపేమో వేరే కథ చెబుతుంది. ఇంట్లో ముందు తినేవాళ్ళు మొగుళ్ళూ పిల్లలూ, నడుం పెరిగేదేమో ఆఖర్న తినే ఆడాళ్ళకి. ఇదెక్కడి లెక్కో నాకు అర్థమయ్యేది కాదు. సాయంత్రం ఆఫీసుకి వెళ్ళి డాక్టరమ్మ దగ్గర చిందులు తొక్కేదాన్ని. ఆవిడ శాంతంగా, "అబద్ధం అనకండి. మనం సరిగ్గా అడగలేదనుకోండి" అనేది. ఆవిడ ఏసీ గదిలో కూర్చుని అలాగే అంటుందిలే, ఎండలో తిరిగేది నేను కదా అనుకునేదాన్ని.

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. నేను రచ్చలో ఉండగా ఇంట్లో మా అత్తగారి కాలి చిటికెన వేలు నల్లబడింది.

మా అత్తగారిది శ్రీకాకుళం వైపు పల్లె. పొలం పనుల్లో పెరిగిన మనిషి. మామగారికి స్టీల్ ప్లాంటులో పనొస్తే ఆయన వెంట ఇటొచ్చింది. ఆయన పోయాక మా దగ్గరే ఉంటోంది. ఇంట్లో నలుగురం: నేను, తండ్రి ప్లాంటులోనే షిఫ్టులు చేసే మా ఆయన, దువ్వాడలో కాలేజీకి వెళ్ళే మా అమ్మాయి, అత్తగారు. మా నాన్న పోర్టు ఉద్యోగానికి గోదావరి నుంచి వచ్చినవాడు కాబట్టి నేను ఆవిడ దృష్టిలో ఎప్పటికీ గోదారోళ్ళ పిల్లనే. నేను మెల్లిగా, చెప్పిందే మళ్ళీ చెబుతూ మాట్లాడితే "మీ గోదారోళ్ళు మాట కూడా మారెట్టుకుని మాటాడతారే" అని నవ్వుతుంది.

ఆవిడకి షుగరు పాతదే. కానీ ఆ ఏడాది చెప్పులోకి దూరిన ఒక గులకరాయి వేలిని కోసింది, ఆవిడకి తెలియలేదు. తిమ్మిరెక్కిన కాలు. పుండు మానలేదు. కట్టు కట్టే డాక్టరు సూటిగా చెప్పేశాడు. "మూడు నెలల షుగరు సగటు ఇంతకింత పెరుగుతోంది. ఇది దిగితే వేలు మానుతుంది. దిగకపోతే వేలు తీసెయ్యాలి, లేదంటే పాదం దాకా పోతుంది. వచ్చే పరీక్ష దాకా చూద్దాం."

బయటికొచ్చాక ఆటోలో అత్తగారు, "ఏలే కదే, దానికేటి" అంది. అని నా చెయ్యి పట్టుకుంది. కంచరపాలెం మెట్టు దగ్గర ఆటో దిగేదాకా వదల్లేదు.

నేను ఊరుకుంటానా? ఇంటి నిండా పథ్యం పెట్టాను. రాత్రి అందరికీ పుల్కాలే. పొద్దున్న కట్టే మూడు క్యారేజీల్లో అన్నం తగ్గించి కూర పెంచాను. మా ఆయన మొహం మాడ్చుకున్నాడు, మా అమ్మాయి స్నేహితురాళ్ళ డబ్బాల్లో చెయ్యి పెట్టడం మొదలుపెట్టింది. అత్తగారికి పొద్దున్న చద్దన్నం మాన్పించి చోడి అంబలి, అదే రాగి జావ, పట్టాను. మధ్యాహ్నం ఎంత అన్నం తినాలో గిన్నె చూపించి మరీ చెప్పాను. రోజూ సాయంత్రం రాగానే అడిగేదాన్ని.

"మధ్యాహ్నం ఏం తిన్నారత్తయ్యా?"

"నువ్వు సూపించిన సిన్న గిన్నెడే."

మందులు వేసుకుంటోంది. మాట వింటోంది. నెల తిరిగి చూస్తే షుగరు ఇంకా పెరిగింది. నాకు తల తిరిగిపోయింది. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారు, అంతేనా నా చదువు? బేకరీ నుంచి ఏమైనా తెచ్చుకుంటోందా అని ఆవిడ దిండు కింద కూడా చూశాను. దొరికింది జండూబామ్.

ఒకరోజు ఫీల్డులో వీధి వీధంతా పెళ్ళికి పోవడంతో పని లేక మధ్యాహ్నమే ఇంటికొచ్చేశాను. వంటింట్లో అత్తగారు పీట మీద కూర్చుని, కట్టు కట్టిన కాలు చాపుకుని, ఒళ్ళో అన్నం తపేలా పెట్టుకుని ఉంది. బెండకాయ పులుసు పోసి అడుగంతా కలిపింది. ముద్ద నోట్లో ఉంది.

ఉలిక్కిపడలేదు. దాచుకోలేదు. నన్ను చూసి సంతోషపడింది కూడా.

"ఏటే, పెందలాడే వొచ్చీసేవు? తింతావా, కలిపెడతాను?"

నాకు ఒళ్ళు మండిపోయింది. "రోజూ చిన్న గిన్నెడే తింటున్నానని చెప్తున్నారు కదా! ఇదేమిటి మరి?"

"తిన్నాను కదే. ఇందాకానే తినీసి కంచం కడిగీసేను."

"మరి ఇది?"

ఆవిడ తపేలా వైపు చూసి, నా వైపు చూసింది. నా ప్రశ్న ఆవిడకి నిజంగానే అర్థం కాలేదు. "ఇది తినడమేటే? గిన్నె కాళీ సేత్తన్నాను."

నేను సంచి దించి గుమ్మంలోనే కూర్చున్నాను. కోపం ఎటు పోయిందో తెలీదు. నా సంచిలో మూడు గిన్నెలు ఉన్నాయి గానీ, తపేలా లేదు. వెల్డింగ్ షాపాయన భార్య చిన్న గిన్నె మీద పెట్టిన వేలు గుర్తొచ్చింది. అబద్ధం కాదు. కంచంలో పెట్టుకున్నదే తిండి. అందరూ తిన్నాక మిగిలింది తిండి కాదు, పని. అంట్లు తోమినట్టే.

"పారెయ్యచ్చు కదా అత్తయ్యా."

"అన్నం పారబోత్తామేటే, పాపం కాదూ? ముందు నీల్లు పోసీదాన్ని, పొద్దున్న తినీదాన్ని. సద్ది తినొద్దన్నావు. మీరేమో ముందులాగ తినట్లేదు. ఇంత మిగిలిపోతన్నాది. ఏటి సెయ్యమంతావు?"

మేం ముగ్గురం ఆరోగ్యం కోసం తగ్గించిన అన్నమంతా ఆవిడ తినేసింది. ఎవరి పుణ్యానో కాదు, అన్నీ నా సలహాలే.

సరే, తక్కువ వండితే పోతుంది, ఇంత సులువైన సంగతికి ఇంత రాద్ధాంతమా అనుకున్నాను. మర్నాడు పొద్దున్న ఆవిడ బియ్యం కొలుస్తుంటే పక్కన నిలబడ్డాను. డబ్బాలో ఎప్పుడూ ఉండే స్టీలు గ్లాసుతో ఒకటి, రెండు, మూడు, నాలుగు పోసి, ఐదోది ముంచింది.

"నలుగురమే కదా అత్తయ్యా."

చెయ్యి ఆగింది. కానీ గ్లాసు వెనక్కి వెళ్ళలేదు. ఐదోది కూడా పోసి, నీళ్ళు పట్టి, నెమ్మదిగా కడగడం మొదలుపెట్టింది. కడుగుతూనే, నా వైపు చూడకుండా అంది.

"మనిసి పోయేడని గళాసు తగ్గిత్తామేటే?"

 స్నానాల గదిలోకి పోయి కొళాయి తిప్పి ఏడ్చాను. మామగారంటే నాకు ఇష్టం. ఆయన ఫర్నేసు దగ్గర పనిచేసి వచ్చి వేడి వేడి అన్నం తింటుంటే చూడముచ్చటగా ఉండేది. ఆయన వాటా ఇన్నాళ్ళూ రోజూ ఉడుకుతూనే ఉందన్నమాట. ఆవిడ దాన్ని రోజూ తింటూనే ఉందన్నమాట. ఆ వాటా ఆవిడ వేలి మీదికి వచ్చింది. ఈ మాట ఆవిడతో ఏ నోటితో చెప్పను?

డాక్టరమ్మతో చెప్పాను. ఆవిడ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. లేమిలో పెరిగిన ఒళ్ళు దొరికిన ప్రతి మెతుకునీ దాచుకోవడం నేర్చుకుంటుందనీ, అలాంటి ఒంటికి కలిమి వస్తే తట్టుకోలేదనీ ఆవిడ మాకు ఎన్నోసార్లు చెప్పింది. ఆ రోజు అవేమీ చెప్పలేదు. "మా అమ్మ కూడా ఆఖర్నే తింటుంది" అని, "మనం ఎప్పుడూ అడగలేదు కదా" అంది. ఆ తర్వాత నుంచి నేను ప్రతి ఇంట్లోనూ మొదట అడిగేది ఒకటే. మీ ఇంట్లో ఆఖర్న ఎవరు తింటారు, గిన్నెలో మిగిలింది ఏమవుతుంది? ఆడవాళ్ళు నవ్వేస్తారు. తర్వాత చెబుతారు, చాలాసేపు చెబుతారు.

ఇంట్లో మాత్రం ఐదో గ్లాసు మాట ఎత్తలేదు. పరీక్ష రోజు దగ్గరపడుతోంది. ఒక సాయంత్రం మేడ మీద ఆవిడ కట్టు మారుస్తూ కూర్చున్నాను. కింద గూడ్సు బండి పోతోంది. అది పోయేదాకా ఆగి అడిగాను.

"అత్తయ్యా, మామయ్యగారు మారు పెట్టుకునే ముందు మిమ్మల్ని ఏదో అడిగేవారు కదా?"

ఆవిడ మొహం వెలిగింది. "నీకుందేటి? అనీవోరు. అడక్కుండా ఎప్పుడూ పెట్టుకోనేదు. పిల్లలు సిన్నప్పుడు కొన్నాల్లు గిన్నెలో ఏటీ ఉండీది కాదు. ఉంది, ఉందిలే అనీదాన్ని. నీల్లు తాగీసి తొంగునేదాన్ని."

 పుండు చుట్టూ తుడిచాను. ఆవిడకి నొప్పి తెలియడం లేదు. తెలిస్తే బాగుండును.

"ఇప్పుడు అడిగితే ఏం చెబుతారు?"

ఆవిడ తన వేలిని చూసుకుంది. మెల్లిగా, ఎదురుగా మనిషి ఉన్నట్టే చెప్పింది.

"ఉంది. ఎక్కువైపోనాది, నానింక తిననేను, అని సెప్తాను."

మర్నాడు పొద్దున్న నేను వంటింట్లోకి వెళ్ళేసరికి బియ్యం కడిగేసి ఉన్నాయి. ఎన్ని గ్లాసులో అడగలేదు. మధ్యాహ్నం మిగిలిందంతా ఆవిడే తినక్కర్లేదని, గిన్నె మూత పెట్టి వదిలేస్తే సాయంత్రం నేను చూసుకుంటానని చెబితే తల ఊపింది. ఆ నెల ఆవిడ బరువు కొంచెం తగ్గింది. పరీక్షలో షుగరు కొద్దిగా దిగింది. డాక్టరు కట్టు విప్పి వేలు అటూ ఇటూ తిప్పి చూసి, "కొన్నాళ్ళు ఆగుదాం" అన్నాడు. కొన్నాళ్ళు అలా పెరుగుతూ పోయాయి. పుండు అంచుల్నుంచి ఎర్రబడి, పూడి, ఒకరోజు కట్టు అవసరం లేకపోయింది. ఆ వేలు కొంచెం వంకర. గోరు లేదు. ఉంది, అంతే.

ఆ ఆదివారం మా ఆయనకి షిఫ్టు లేదు. నెత్తళ్ళ చేపలు తెచ్చాడు. నేను గొడవ చేసి నలుగురికీ ఒకేసారి కంచాలు పెట్టాను. అత్తగారు "ముందు మీరు కానిండే" అని గింజుకుంది గానీ, మనవరాలు రెక్క పట్టుకుని కూర్చోబెట్టింది. నాకు తెలిసి ఆవిడ అందరితో కలిసి తినడం అదే మొదటిసారి. సిగ్గుపడుతూ, కొత్త పెళ్ళికూతురిలా తలొంచుకుని తింది. తిండి అయిపోయి మా ఆయనా అమ్మాయీ చేతులు కడుక్కోవడానికి లేచారు.

తపేలా అడుగున ఒక్క ముద్ద మిగిలింది. నేను మామూలుగా తపేలా దగ్గరకి లాక్కుని, అంచుకి అంటుకున్న నెత్తళ్ళ పులుసుతో కలిపి, నోటి దాకా తెచ్చుకున్నాను. ఎప్పుడు మొదలైందో నాకే తెలీదు, ఎన్నాళ్ళుగా చేస్తున్నానో.

చేతి మీద ఫట్‌మని ఒక దెబ్బ పడింది. ముద్ద కంచంలో పడింది.

"సాల్లే. రేపు నీ ఏలు కోత్తామంతారు" అంది అత్తగారు. ఆవిడ కళ్ళు నిండిపోయాయి, గొంతులో మాత్రం కోపమే. "పిట్టగోడ మీదెట్టు. కాకి తింతాది. మీ మావగారికి ఇప్పుడు అంత సాలు."