ల్యాబ్ కంప్యూటర్‌కు నేను పెట్టిన దొంగ పేరు

2007 వేసవి. అప్పుడు నేను కడపలో కంప్యూటర్ సర్వీసు పని చేసేవాణ్ణి. మా చుట్టుపక్కల లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ తెలిసినవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఆ గర్వం నాకు కాస్త ఎక్కువే ఉండేది.

ఒక ఉదయం రక్తపరీక్షల ల్యాబ్ నుంచి ఫోనొచ్చింది. రిపోర్టులు తయారుచేసే సాఫ్ట్‌వేర్ తెరుచుకోవడం లేదట. వెళ్లేసరికి టెక్నీషియన్ షంషాద్ కళ్లు ఎర్రగా ఉన్నాయి.

“కంపెనీవాళ్లు పంపిన అప్‌డేట్ సీడీ ఏసినా అన్నా, అంతే. నువ్వే చెడగొట్టినావంటాండాడు డాక్టరు. రేపట్నుంచి రావొద్దన్నాడు.”

ఆమె జీతం మీదే వాళ్ల ఇల్లు నడుస్తోందని నాకు తెలుసు. “చూస్తాలేమ్మా” అని ధీమాగా కూర్చున్నాను.

ఆ ల్యాబ్ కంప్యూటర్ నడిచేది లినక్స్ మీదే. అందులో చాలా రకాలున్నాయి. వాటిని డిస్ట్రిబ్యూషన్లు అంటారు. ప్రతిదీ తన పేరును ఒక చిన్న ఫైల్‌లో రాసుకుంటుంది. ఆ రోజుల్లో ఆ ఫైల్ ఎక్కడుండాలో, అందులో ఎలా రాయాలో ఒక పద్ధతంటూ లేదు. ఎవరిష్టం వాళ్లది. సాఫ్ట్‌వేర్లు మాత్రం ఆ పేరు చూసే పని మొదలుపెట్టేవి.

ఆ ఫైల్ తెరిచాను. అందులో ఉన్నది ఆ సిస్టమ్ అసలు పేరు కాదు. రెండేళ్ల కిందట నేను రాసిన పేరు. అప్పుడు ఈ ల్యాబ్ సాఫ్ట్‌వేర్ ఫలానా డిస్ట్రిబ్యూషన్ అయితే తప్ప ఎక్కనని మొండికేసింది. అంతా మార్చే ఓపిక లేక, ఆ పేరే రాసిన ఫైల్ ఒకటి తయారుచేసి పెట్టాను. బుద్ధిగా ఎక్కింది. నా తెలివికి నేనే మురిసిపోయాను. ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు అప్‌డేట్ కూడా అదే పేరు చదివి, ఈ సిస్టమ్‌కు సరిపడని లైబ్రరీలను, అంటే ప్రోగ్రాములు ఆధారపడే ఫైళ్లను, పాతవాటి స్థానంలో పెట్టింది.

వాటిని సరిచేసేసరికి మధ్యాహ్నమైంది. మొదటి రిపోర్టు ప్రింటవుతుండగా డాక్టరు వచ్చాడు.

“ఏమప్పా, ఏం చేసింది ఈ పాప?”

ఏదో ఒకటి చెప్పి తప్పించుకుందామనే అనిపించింది, అబద్ధమెందుకు. షంషాద్ ప్రింటర్ దగ్గర తల వంచుకుని నిలబడి ఉంది.

“ఆయమ్మ తప్పేం ల్యా సార్. రెండేండ్ల కిందట దీంట్లో దొంగ పేరు రాసింది నేనే.”

“ఆ పొద్దే చెప్పాల్సింది గదప్పా?”

“చెప్పల్యా. తప్పే సార్.”

ఆయన ఆమె వైపు తిరిగాడు. “పోమ్మా, శాంపిళ్లు శానా ఉండాయి, చూసుకోపో.” ఆ తర్వాత ఆర్నెల్లు నన్ను పిలవలేదు. బాధపడ్డాను గానీ అన్యాయమని అనుకోలేదు.

కొన్నేళ్లకు చాలా డిస్ట్రిబ్యూషన్లు ఒకే చోట, ఒకే తీరులో, ఒకే ఫైల్‌లో పేరు రాయడానికి ఒప్పుకున్నాయి. మంచి పనే. కానీ దొంగ పేరు రాయాలనుకునే నాలాంటివాణ్ణి అదీ ఆపలేదు. నాకు బుద్ధి వచ్చింది ఆ ల్యాబ్‌లోనే.

ఆ ఆర్నెల్లు గడిచాక ల్యాబ్ నుంచి పిలుపొచ్చి వెళ్లాను. నేను సంచి కింద పెట్టకముందే షంషాద్ ఒక తెల్లకాగితం, పెన్ను నా చేతిలో పెట్టింది.

“ఏం మారుస్తాండావో ముందు ఈడ రాయన్నా. ఆమీదనే మిషన్ ముట్టుకునేది.”